ఊరికే కూర్చోడానికి

శీర్షిక: మూడో మంచం

మా హాస్టల్ గదిలో మూడు మంచాలు, మూడు ఇనప బీరువాలు, ఒక ఫ్యాను ఉన్నాయి. కుర్చీ లేదు. చేరిన కొత్తలో హాస్టల్ నడిపే ఆంటీని అడిగాను. "మంచం ఉంది కదమ్మా, కూర్చోడానికి వేరే ఎందుకు?" అంది. ఆవిడ లెక్క ఆవిడది. కుర్చీ పట్టే చోట ఇంకో మంచం పట్టించొచ్చు, మంచానికైతే అద్దె వస్తుంది. అలా ఏడాదిన్నరగా నేను మంచం మీదే తింటున్నాను, మంచం మీదే ఆఫీసు పని చేస్తున్నాను, మంచం మీదే అలుగుతున్నాను. ఎక్సెల్ షీటు ముందేసుకుని తిన్న ఒక రాత్రి దుప్పటి మీద పడ్డ పప్పు మరక ఇప్పటికీ పోలేదు.

వారం మధ్యలో ఇది పెద్దగా తెలీదు. ఆఫీసులో గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంటుంది, మనం దాంట్లో ఎంతసేపు కూర్చుంటే వాళ్లకంత ఆనందం. చిక్కంతా ఆదివారమే. పొద్దున బకెట్ల క్యూ, ఒంటిగంటకి చికెన్ క్యూ. ఈ రెంటి మధ్య ఒకమ్మాయి వీడియో కాల్లో ఉంటుంది, ఇంకో అమ్మాయి ముసుగుతన్ని పడుకుని ఉంటుంది. ఎక్కడికైనా పోయి ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. ఊరికే అంటే రెండర్థాలూ: పనేమీ లేకుండా, పైసా ఇవ్వకుండా.

హైదరాబాదులో మొదటి ఊరికే కష్టం, రెండోది మరీ కష్టం. మా గచ్చిబౌలి వైపు కాఫీ షాపుల్లో కప్పు ఖాళీ అయిందో లేదో, కుర్రాడు గుడ్డ పట్టుకొచ్చి శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడుస్తాడు. "ఇంకేమైనా కావాలా మేడమ్?" అంటాడు. లేవండి అని దానర్థం. వాణ్ణి అనడానికి నాకు నోరు రాదు, పొద్దుట్నించీ నిలబడే ఉన్నాడు. మా సందు చివర పార్కు ఉంది. పదకొండింటికి తాళం వేసి నాలుగింటికి తీస్తారు. చెట్టు నీడ ఏ వేళకి కావాలో సరిగ్గా ఆ వేళకి చెట్లకి తాళం.

నగరం మనకోసం ఏమీ కట్టలేదని నేననను. 2017 నవంబరులో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరికి మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ వంతెన వచ్చింది. ఫ్లైఓవర్లయితే లెక్కపెట్టడం మానేశాను. అన్నీ పోవడానికే. ఆగి కూర్చోడానికి కట్టినవెన్ని అని వేళ్లు మడిస్తే పిడికిలి నిండదు.

ఈ మాట అమ్మతో ఫోన్లో అంటే, "అదే మన వైపయితేనా, అరుగుల మీద..." అని ఎత్తుకుంటుంది. ఈ అరుగుల కథంటే నాకు ఒళ్లుమంట. తెనాలి దగ్గర మా ఊళ్లో రావిచెట్టు కింద రచ్చబండ ఉంది. చతుర్ముఖ పారాయణం అక్కడే, ఊరి రాజకీయం అక్కడే. పద్దెనిమిదేళ్లు ఆ ఊళ్లో పెరిగాను, దాని మీద ఒక్క ఆడమనిషి కూర్చోగా చూడలేదు. మా అమ్మ కూడా దాని పక్కగా కొంగు సర్దుకుని తలొంచుకు నడిచినావిడే. కాబట్టి ఊరి అరుగు పట్టుకొచ్చి నగరంలో వేయమని నేనడగను. వీపు ఆనించుకోడానికి వీలున్న బల్ల, దానిపైన కాస్త నీడ, పక్కన మంచినీళ్ల కుళాయి, "ఒక్కదానివే ఏంటమ్మా?" అని ఆరా తీయని జనం. అంతే.

ఇరానీ హోటళ్లు ఒకప్పుడు ఈ పని చేశాయంటారు. ఒక్క చాయ్‌తో పూట గడిపామని చెప్పుకునే పెద్దవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. పాలు ఒక గిన్నెలో, డికాషన్ ఇంకో గిన్నెలో అంతంతసేపు కాగే చోట తొందరెవరికి? ఇప్పుడు మా వైపు కొత్తగా వెలిసినవన్నీ నిలబడి తాగి పొమ్మనేవే. కూర్చోనిచ్చే పాత హోటలుకి వెళితే "ఫ్యామిలీ సెక్షన్ అటు మేడమ్" అంటారు. నేనొక్కదాన్నే ఫ్యామిలీ ఎలా అయ్యానో వాళ్లకే తెలియాలి.

చిక్కడపల్లి లైబ్రరీకి ఒకసారి వెళ్లాను. కుర్చీకో సంచీ, సంచీ పక్కన నీళ్ల బాటిలు, ఎదురుగా గ్రూప్స్ పుస్తకాల దొంతర. వాళ్లు కూర్చున్నది ఊరికే కాదు. నవల చదువుకోడానికి అలాంటి కుర్చీ ఒకటి ఆక్రమించడం పాపమనిపించి వచ్చేశాను. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచీ. చాయ్ తాగినా తాగకపోయినా నన్నింతవరకూ ఎవరూ లేవమనలేదు. ఆ పేరుకి ఇల్లు లేనిదని అర్థమట. హాస్టల్ వాళ్లకి ఇంతకన్నా అతికే పేరుండదు. కానీ కోటిమంది ఊరికి అలాంటిదొక్కటి ఏ మూలకి?

చివరికి నాకొక చోటు దొరికింది. రాస్తే అక్కడా జనం మూగుతారేమోనని బెరుగ్గానే రాస్తున్నాను. ఆదివారం ఆబిడ్స్. అమీర్‌పేటలో రైలు మారి, నాంపల్లిలో దిగి నడుస్తాను. చికెన్ వదులుకోవాలి, తప్పదు. ఆ రోజు మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగూతా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజినీరింగ్ గైడు పక్కన వంటల పుస్తకం, దాని మీద ఎవరో ఎవరికో పుట్టినరోజు కానుకగా సంతకం పెట్టిచ్చిన కవితల పుస్తకం. అందరూ పుస్తకాల కోసం వస్తారు. నేనూ కొంటాను గానీ, నిజం చెప్పాలంటే నేను వెళ్లేది మెట్ల కోసం. ఒక బట్టల దుకాణం ముందు మూడు మెట్లున్నాయి, మధ్యాహ్నం దాకా నీడ. లెమ్మనడానికి ఆ దుకాణం ఓనరు ఇంట్లో నిద్రపోతుంటాడు కదా.

పోయిన వారం ఆ మెట్ల కింద పుస్తకాలు పరిచే చాచా, "బేటా, జర చూస్కుంటవా, చాయ్ తాగొస్తా" అని వెళ్లిపోయాడు. ఏది ఎంతో చెప్పలేదు. ఇద్దరు వచ్చారు, తిరగేశారు, పోయారు. మూడో అతను అట్ట చిరిగిన డిటెక్టివ్ నవల ఒకటి ఎత్తి పట్టుకుని ఎంతన్నాడు. నోటికొచ్చింది యాభై. అతను ముప్పై అన్నాడు. నలభైకి తెగింది. నా జన్మలో మొదటి అమ్మకం. చాచా రాగానే రెండు ఇరవై నోట్లూ గొప్పగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నోట్లకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"అది నేనే డెబ్బైకి కొన్న, బేటా."

నా ముఖం ఎలా అయిపోయిందో, ఆయనకి నవ్వాగలేదు. తక్కిన ముప్పై ఇవ్వబోతే తీసుకోలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తే ధరలు చెప్పడం నేర్పిస్తానన్నాడు. మెట్ల మీద కూర్చుని బేరం చేస్తే గిరాకీ ఖాతరు చేయదట, ప్లాస్టిక్ స్టూలు తెస్తానన్నాడు.