మినీ అయినా... ఆపరేషనే!

రెండు కాన్పులయ్యాయి. పొద్దున్నే నడక, రాత్రిళ్లు పుల్కాలు... మొత్తానికి బరువు మళ్లీ పెళ్లినాటి అంకెకు వచ్చేసింది. కానీ బొడ్డు కింద ఆ చిన్న మడత మాత్రం కదలదు. సిజేరియన్ కుట్టు మీదికి వాలి, కుచ్చిళ్లు దోపుకున్న ప్రతిసారీ 'నేనున్నా'నంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఈ మడత కథ చాలా ఇళ్లలో ఉన్నదే. దాన్ని వదిలించుకునే మార్గం 'మినీ టమ్మీటక్' అని వినగానే ఆశ పుడుతుంది. అయితే పేరులో మినీ ఉంది కదాని పార్లర్‌కి వెళ్లొచ్చినంత తేలికనుకోకూడదు.

ఏం చేస్తారు?

పొత్తికడుపు కింది భాగంలో, సాధారణంగా సిజేరియన్ గాటు కన్నా కొంచెం పొడవుగా కోస్తారు. బొడ్డు కింద సాగిపోయిన చర్మాన్నీ, దాన్ని అంటుకున్న కొవ్వునూ తీసేసి కుట్లు వేస్తారు. అవసరమైతే అక్కడి కండరాలనూ దగ్గరకు లాగి కుడతారు. బొడ్డు దాదాపుగా ఉన్నచోటే ఉంటుంది. పూర్తిస్థాయి టమ్మీటక్‌లో గాటు ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా సాగుతుంది. బొడ్డును కూడా విడదీసి కొత్తచోట అమరుస్తారు. లైపోసక్షన్ సంగతి వేరు. అది కొవ్వును లాగేస్తుంది కానీ వేలాడే చర్మాన్ని తీయదు.

మీకు సరిపోతుందా?

ఇంట్లోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చు. వీటితో ఓ అవగాహన వస్తుంది. తుది మాట మాత్రం వైద్యులదే.

* నిలబడి పొట్టను రెండు వేళ్లతో పట్టుకోండి. మెత్తగా చేతికి దొరికితే అది చర్మం, దాని కింది కొవ్వు. అలా దొరక్కుండా పొట్ట గట్టిగా ముందుకొస్తే కొవ్వు లోపల, పేగుల చుట్టూ ఉండొచ్చు. దాన్ని ఈ ఆపరేషన్ తీయలేదు. మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా దానితోనే. మన ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే ముందు తిండి, నడకల సంగతి చూడాలి.

* కూర్చుని చూసుకోండి. మడతలు బొడ్డు పైన కూడా ఉంటే 'మినీ' చాలదు.

* వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొద్దిగా పైకెత్తండి. పొట్ట మధ్యలో నిలువునా వేళ్లతో తడిమితే రెండు వేళ్లకు మించి సందు తగులుతోందా? కాన్పు తర్వాత కండరాలు విడిపోయి ఉండొచ్చు. ఈ సందు బొడ్డు పైకీ ఉంటే మినీతో సరికాదు. ముందు ఫిజియోథెరపిస్టును కలిసి వ్యాయామాలు చేసి చూడాలి.

ఎవరు ఆగాలి?

ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లు ఆగడమే మంచిది. మళ్లీ గర్భం వస్తే బిగించిన చర్మం మళ్లీ సాగుతుంది. పాలిచ్చే తల్లులు, కాన్పయి ఆర్నెల్లయినా నిండనివాళ్లు, ఇంకా బరువు తగ్గుతున్నవాళ్లు తొందరపడకూడదు. షుగరు అదుపులో లేనివాళ్లకీ, పొగతాగేవాళ్లకీ గాయం సరిగా మానదు. గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టినా, కుట్లు పడినచోట కెలాయిడ్‌లా ఉబ్బినా డాక్టరుకు ముందే చెప్పాలి.

తర్వాత సంగతి...

కూర్చుని చేసే ఉద్యోగానికి వెళ్లడానికి సుమారు వారం, రెండు వారాలు పడుతుంది. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు, చంకెక్కే పిల్లాడు... ఆరువారాల దాకా ఏ బరువూ ఎత్తకూడదు. ఇంట్లో ఆ పనులు ఎవరు చేస్తారో ముందే తేల్చుకోవాలి. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. వచ్చేనెల చెల్లెలి పెళ్లి ఉందని ఈ నెల చేయించుకుంటే ప్రయోజనం ఉండదు. గాయంలో నీరు చేరడం, ఇన్‌ఫెక్షన్, కొంతకాలం తిమ్మిరి వంటి ఇబ్బందులు రావచ్చు. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

సంతకం పెట్టేముందు

సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైందా చూసుకోవాలి. మత్తుమందు ఇచ్చేదెవరు, అత్యవసరమైతే అక్కడ ఏ సదుపాయాలున్నాయి అని అడగడానికి మొహమాటపడొద్దు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా వర్తించదు. కాబట్టి మత్తు, మందులు, బెల్టు, మళ్లీ కుట్లు సరిచేయాల్సి వస్తే అయ్యే ఖర్చు... అన్నీ కలిపి ఎంతో రాయించుకోవాలి. 'ఈ వారమే ఆఫర్' అని తొందరపెట్టేచోటు నుంచి లేచి వచ్చేయడమే క్షేమం.

చివరిగా ఒక్క ప్రశ్న. ఈ కోరిక ఎవరిది? భర్త వెటకారమో, బంధువుల మాటో కారణమైతే కత్తి దాకా వెళ్లనక్కర్లేదు. మీదే అయితే లెక్క సూటిగా ఉంటుంది. మడత పోతుంది, దాని బదులు ఓ గీత మిగులుతుంది. ఏడాదికి అది పలచబడుతుందేమోగానీ పూర్తిగా చెరగదు. ఆ గీతతో హాయిగా ఉండగలననుకుంటేనే ముందడుగు వేయండి.