షెడ్డు రైతుది, కోడి కంపెనీది

ఏటా నవంబరులో హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగే పౌల్ట్రీ ఇండియా ప్రదర్శనకు దక్షిణాసియాలోకెల్లా పెద్దదని పేరు. కోళ్ల పరికరాలు తయారుచేసే వాళ్ల సంఘం దీన్ని నడుపుతుంది, విదేశీ కంపెనీలు కూడా వరస కడతాయి. అక్కడ రైతు కళ్లు ఎక్కువసేపు నిలిచేది లోపలి వేడినీ గాలినీ యంత్రాలే అదుపు చేసే ఈసీ షెడ్డు మీద. షెడ్డుకు ఒక చివర నీళ్లు కారుతుండే కూలింగ్ ప్యాడ్లు, రెండో చివర మనిషి ఎత్తు ఫ్యాన్లు, మధ్యలో కోళ్లు నీళ్లు తాగడానికి బారుగా నిపుల్ పైపులు, వాటి పక్కన దాణా పళ్లేలు, గోడకు వేడినీ తేమనీ చూపించే చిన్న పెట్టె. సిద్దిపేట నుంచో షాద్‌నగర్ నుంచో వచ్చిన రైతు దాన్ని కొనాలంటే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాలి. అంత అప్పు చేసి కట్టిన షెడ్డులోకి ఏడాదికి ఎన్నిసార్లు కోడిపిల్లలు దిగుతాయన్నదే నన్ను వేధించే ప్రశ్న. ఎంత మంచి యంత్రమైనా దానికి జవాబు చెప్పలేదు.

బ్రాయిలర్ పెంపకంలో ఇప్పుడు పెద్ద భాగం ఇంటిగ్రేషన్ పద్ధతిలోనే నడుస్తోంది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. స్థలం, షెడ్డు, కరెంటు, కింద పరిచే వరి ఊక, కూలీ, రాత్రి కాపలా రైతువి. ఆరు వారాలు కాస్త అటూ ఇటూ అయ్యేసరికి కంపెనీ లారీ వచ్చి కోళ్లను తూకం వేసి తీసుకుపోతుంది. రైతుకు కిలోకు ఇంత అని పెంపకం ఛార్జీ ముడుతుంది. ఎంత దాణాకు ఎంత బరువు వచ్చింది, ఎన్ని చచ్చిపోయాయి అన్న లెక్కను బట్టి ఆ ఛార్జీ పెరగొచ్చు, తగ్గొచ్చు. అయితే పిల్ల నాణ్యతా, దాణా నాణ్యతా రైతు చేతిలో లేవు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో చికెన్ ధర ఎంత ఎగబాకినా ఆ పెరుగుదల ఈ షెడ్డు దాకా రాదు.

ఈసీ షెడ్డు వద్దని నేననను. మే నెల మధ్యాహ్నం మామూలు షెడ్డులో కోళ్లు రెక్కలు విడదీసి, నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. రైతు కుటుంబం గోనె పట్టాలు తడిపి కడుతూ, పైకప్పు మీద నీళ్లు చల్లుతూ పరుగులు పెడుతుంది. అయినా సాయంత్రానికి చచ్చిన కోళ్లను తట్టల్లో మోసుకెళ్లి గుంటలో పూడ్చక తప్పదు. ఆ బాధను తగ్గించే యంత్రం మన ఎండలకు అవసరమే. చిక్కంతా గడువుల దగ్గర ఉంది. అప్పు ఏళ్ల తరబడి తీర్చాలి, కంపెనీ మాట మాత్రం ఒక బ్యాచ్‌తో సరి. మార్కెట్ పడితే తర్వాతి బ్యాచ్ పిల్లలు రెండు నెలలు ఆలస్యం కావచ్చు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. షెడ్డు ఎంత ఖరీదైనదైతే రైతు ఆ కంపెనీకి అంతగా కట్టుబడిపోతాడు, ఎందుకంటే ఆ షెడ్డు ఇంకో పనికి రాదు.

దీనికి కంపెనీల వైపు నుంచి బలమైన జవాబే ఉంది. ధర పడిపోతే నష్టం మాదే కదా, రైతుకు ఛార్జీ ఎలాగూ ఇస్తున్నాం కదా అంటారు. ఇది తోసిపుచ్చలేని మాట. 2020 ఫిబ్రవరిలో కరోనాకూ కోడికీ ముడిపెట్టి పుకారు లేచినప్పుడు, హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. సొంతంగా కోళ్లు వేసుకున్న చిన్న రైతులు ఆ దెబ్బకు కుదేలయ్యారు. షెడ్డులో ఉన్న బ్యాచ్ వరకు ఒప్పందం రైతును కాసింది, ఒప్పుకుంటాను. మరి ఖాళీగా పడి ఉన్న షెడ్డు సంగతి? అందులో పెట్టుబడి అంతా రైతుదే. మార్కెట్ నష్టం కంపెనీ మోస్తున్నదన్న వాదన నిలవాలంటే ఆ ఖాళీ రోజుల నష్టంలోనూ దానికి భాగం ఉండాలి.

అమెరికాలో కోళ్ల రైతులది చాలాకాలంగా ఇదే గోడు. అక్కడి వ్యవసాయ శాఖ 2023లో ఒక నిబంధన తెచ్చింది, 2024 ఫిబ్రవరి నుంచి అది అమలైంది. ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు ఇస్తారో కంపెనీ ఒప్పందంలోనే రాయాలి. తనతో పనిచేసిన రైతులకు ఎంతెంత ముట్టిందో సంతకానికి ముందే కాగితం మీద చూపించాలి. మన దగ్గర పశుపోషణను కూడా కలిపి కేంద్రం 2018లో ఒప్పంద సేద్యానికి నమూనా చట్టం రాసింది, 2019లో తమిళనాడు దాని బాటలో సొంత చట్టం చేసుకుంది. కోళ్ల పెంపకంలో ఇంతగా ఎదిగిన మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇలాంటి పట్టింపు ఉండాలి.

యంత్రాలు అమ్ముకునే ప్రదర్శనకూ ఒప్పందాలకూ ఏమిటి సంబంధమని అడగొచ్చు. సంబంధం ఉంది. ఈ రంగంలో ప్రజల సొమ్మూ ఉంది. పశుసంవర్ధక మౌలిక వసతుల కోసం కేంద్రం 2020లో రూ.15,000 కోట్ల నిధి పెట్టి 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించింది. పైగా వాయిదా కట్టలేని రైతు రెండోసారి యంత్రం కొనలేడు కాబట్టి ఇది పరికరాల కంపెనీలకూ పట్టాల్సిన విషయమే. తన సరుకు ధర రైతే చెప్పడం ఈ రంగానికి కొత్త కూడా కాదు. గుడ్ల ధర వ్యాపారులు నిర్ణయిస్తున్న కాలంలో, 1982లో, కోళ్ల పరిశ్రమకు చెందిన బి.వి.రావు ముందుండి రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని (నెక్) నిలబెట్టారు. ఈరోజుకీ గుడ్డు ధర రోజూ ప్రకటిస్తున్నది ఆ సంస్థే. గుడ్ల రైతుకు దక్కిన ఆ గొంతు బ్రాయిలర్ పెంచే రైతుకు ఇంకా దక్కలేదు. ప్రదర్శనకు ముందు రోజు నాలెడ్జ్ డే పేరుతో సదస్సు ఎలాగూ జరుగుతోంది. అందులో ఒక పూట కంపెనీ ప్రతినిధిని, బ్యాంకు అధికారిని, పెంపకం రైతును ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి ఈ లెక్క తేల్చమనాలి. ఈసీ షెడ్డు అమ్మే ప్రతి స్టాలులోనూ ధర పక్కనే ఇంకో లెక్క తెలుగులో రాసి పెట్టాలి: ఈ అప్పు తీరాలంటే ఏడాదికి ఎన్ని బ్యాచ్‌లు కావాలి, కిలోకు ఎంత ఛార్జీ రావాలి.