నెలసరి రోజుల్లో గ్రౌండ్ మనకెందుకు దూరం?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. అన్నలూ, తమ్ముళ్ళూ, "ఇది ఆడోళ్ళ సంగతి" అని పైకి తోసేసి పోకండి. ఇందులో మీకూ పని ఉంది.

మేము తిరుచానూరు, తిరుపతి చుట్టుపక్కల రూముల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న అమ్మాయిలం. యానాదులం ఉన్నాం, ఎరుకలోళ్ళం ఉన్నాం, తండాల నుంచి వచ్చిన సుగాలీలం ఉన్నాం. మాలో చానామంది కానిస్టేబుల్‌కో, ఇంకేదో యూనిఫాం ఉద్యోగానికో తయారవుతున్నాం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో ఆడపిల్లలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. అందుకే తెల్లారకముందే లేచి రోడ్డెక్కుతాం. అయితే ఆ గుంపులో ఏ వారం చూసినా ఒకరిద్దరు కనపడరు. అడిగితే "దూరం ఉన్నా" అంటారు. ఐదు రోజులకు మళ్ళీ వస్తారు, దమ్ము సరిపోక వెనకబడతారు, వారం పది రోజులకు కుదుటపడతారు. అంతలో మళ్ళీ నెల తిరుగుతుంది.

లెక్క వేసి చూడండి. నెలకు 5 రోజులంటే ఏడాదికి 60 రోజులు. మగపిల్లలు 12 నెలలు ప్రాక్టీస్ చేసి వస్తే మనం 10 నెలలు చేసి పోతున్నాం. ఆ రెండు నెలలు మన దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారు? మన ఒళ్ళు తీసుకుందా? ఇంట్లో చెప్పిన భయం తీసుకుందా? గ్రౌండ్ దగ్గర బాత్రూం లేకపోవడం తీసుకుందా? ఈ మూడింటినీ విడదీసి మాట్లాడుకోవాలనే ఈ పోస్టు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నెలసరిలో వ్యాయామం చేయొచ్చు. చేయాల్సిందే అని బలవంతం పెట్టకూడదు, చేయకూడదని ఆపకూడదు. నిర్ణయం ఆ అమ్మాయిది. కానీ అది నిజంగా ఆమె నిర్ణయం కావాలంటే నీళ్ళుండాలి, ప్యాడ్ ఉండాలి, మార్చుకునే చోటుండాలి, ఒంట్లో రక్తం ఉండాలి. ఇవేవీ లేకుండా "నీ ఇష్టం తల్లీ" అంటే లాభం లేదు.

ముందు ఒంటి సంగతి. ఆ రోజుల్లో కడుపునొప్పి ఎందుకొస్తుందో మనకు స్కూల్లో సరిగ్గా చెప్పలేదు. ఆ పాఠం వచ్చేసరికి "ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేసినోళ్ళే ఎక్కువ. గర్భసంచి లోపలి పొరను బయటికి పంపడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. వాటివల్ల గర్భసంచి కండరం బిగుసుకుంటుంది, వదులవుతుంది. ఆ బిగుసుకోవడమే నొప్పి. కొందరికి ఇవి ఎక్కువ పుడతాయి కాబట్టి నొప్పీ ఎక్కువ. అంతేగానీ పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందనో, లోపల పుండవుతుందనో, రేపు పిల్లలు పుట్టరనో అనేదానికి ఆధారం లేదు. పైగా, నొప్పి మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2019లో కాక్రేన్ వాళ్ళు ఒక సమీక్ష వేశారు. వారానికి కనీసం మూడుసార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేసేవాళ్ళకు నెలసరి నొప్పి బాగా తగ్గే అవకాశం ఉందని అందులో తేలింది. గట్టి వ్యాయామమే కానక్కర్లేదు, యోగా, స్ట్రెచింగ్ లాంటివైనా చాలు. ఆ పరిశోధనలు ఇంకా బలంగా జరగాలని కూడా వాళ్ళే అన్నారు. అయినా మనకు అర్థమయ్యేది ఒకటుంది. నెలంతా ఒళ్ళు కదిలించే పిల్లకు ఆ ఐదు రోజులు కొంచెం తేలిక.

ఇక రెండోది, ఇంట్లో చెప్పిన భయం. ముట్టయితే మూల కూర్చో, వంటింట్లోకి రావద్దు, చెట్టు తాకొద్దు, ఊరగాయ జాడీ ముట్టొద్దు. మన యానాది ఇళ్ళలో సమర్తాడిన పిల్లకు ఆకులతో విడిగా గుడిసె వేసి కూర్చోబెట్టే ఆచారం పాతది. మన అవ్వలు ఈ పద్ధతులన్నీ చెడ్డ బుద్ధితో పెట్టారని మేము అనడం లేదు. రోజంతా అడవిలో, పొలంలో, ఏట్లో కష్టపడే ఆడమనిషికి ఆ వంకతోనైనా నాలుగు రోజులు నడుం వాల్చే వీలు దొరికి ఉండొచ్చు. ఒడిశాలో రజో పండుగ చూడండి. జూన్ నెలలో మూడు రోజులు భూమితల్లికి నెలసరి అని నాగలి కట్టరు. ఆ మూడు రోజులు ఆడపిల్లలు ఏం చేస్తారో తెలుసా? కొత్త బట్టలు కట్టి ఉయ్యాల ఊగుతారు, ఆడుకుంటారు. భూమికి విశ్రాంతి, పిల్లలకు ఆట! అస్సాంలో కామాఖ్య అమ్మవారికి అంబుబాచి అని అదే నెలలో జరుపుతారు. మూడు రోజులు గుడి మూసి, తర్వాత తెరిచినప్పుడు లక్షల మంది దర్శనానికి పోతారు. అంటే ఈ దేశంలో నెలసరిని సిగ్గుగా కాకుండా పండగగా చూసే పద్ధతీ ఉంది.

మేముండేది పద్మావతి అమ్మవారి ఊరు. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమి తీర్థం రోజు పుష్కరిణిలో మునగడానికి జనం ఎట్లా వస్తారో ఇక్కడోళ్ళకు చెప్పే పనిలేదు. గుడి ఊర్లో ఉంటూ ఆ రోజుల్లో గుడికి పోవాలా వద్దా అనేది ఎవరి నమ్మకం వాళ్ళది. దాని మీద మేము ఎవరితోనూ వాదన పెట్టుకోం. అలిపిరి మెట్లెక్కి కొండకు పోవడం మీ మొక్కు అయితే ఐదు రోజులు ఆగి పోండి, తప్పేం లేదు. కానీ గ్రౌండ్ గుడి కాదు. రన్నింగ్ ట్రాక్‌కు మైల అంటదు. గుడికి పెట్టుకున్న నియమాన్ని తీసుకొచ్చి గ్రౌండుకు, జిమ్ముకు, కబడ్డీ కోర్టుకు అంటగడితే నష్టపోయేది మనమే. ఈవెంట్స్ డేటు వేసేవాళ్ళు మన నెలసరి డేటు అడిగి వేయరు కదా. ఆ రోజే వస్తే? ముందెప్పుడూ ఆ రోజుల్లో ఒక్క రౌండు కూడా కొట్టని పిల్ల ఆరోజు భయంతోనే సగం ఓడిపోతుంది. మామూలుగా ప్రాక్టీస్ చేసిన పిల్లకు తన ఒళ్ళు ఆ రోజు ఎంత సహకరిస్తుందో ముందే తెలిసి ఉంటుంది.

పెద్ద పెద్ద ఆటగత్తెలకూ ఇది తప్పలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా స్విమ్మర్ ఫు యువాన్‌హుయి రిలే అయిపోయాక, రాత్రే పీరియడ్ వచ్చింది, అలసటగా ఉంది అని టీవీ ముందే చెప్పేసింది. 2024 పారిస్‌లో మన మీరాబాయి చాను 199 కేజీలు ఎత్తి నాలుగో స్థానంలో ఆగింది. ఒక్క కేజీ తేడాతో పతకం పోయింది. ఆరోజు తనకు నెలసరి మూడో రోజు అని, ఒంటి మీద ఆ ప్రభావం కొంత ఉంటుందని ఆమె దాచకుండా చెప్పింది. ఇందులో మనం చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ రోజుల్లో కూడా ప్రపంచ స్థాయిలో పోటీ పడొచ్చు. రెండు, ఒంటి మీద ప్రభావం ఉంటుంది, లేదని బుకాయించే పని లేదు. "మీరాబాయి ఎత్తింది, నువ్వు రెండు రౌండ్లు కొట్టలేవా" అని కోచ్ అరిస్తే అది ఇంకోరకం అన్యాయం. ఒకే ఇంట్లో అక్కకు ఏమీ ఉండదు, చెల్లి మంచం దిగలేదు. అందరికీ ఒకటే కొలత పెట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. రన్నింగ్‌లో కళ్ళు తిరగడం, గుండె దడదడ, మెట్లెక్కితే ఆయాసం, వీటన్నింటినీ మనం "డేట్ వచ్చింది, అందుకే" అని నెలసరి మీద వేస్తున్నాం. చానాసార్లు కారణం నెలసరి కాదు, హిమోగ్లోబిన్. 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. పీహెచ్‌సీలో పరీక్ష ఉచితం, ఒక పూట పని. స్కూళ్ళలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి పారేసే అలవాటు మానుకుందాం. తిన్న తర్వాత వేసుకుంటే అంత తిప్పదు. సికిల్ సెల్, తలసేమియా లాంటివి ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ఐరన్ మొదలుపెట్టొద్దు.

తిండి దగ్గర ఒక మాట. హాస్టల్‌కు వచ్చాక మన ఇంటి కూర పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నాం. ఏటి చేపలు, నత్తలు, ఎండు రొయ్యలు, మాంసం, ఇవన్నీ రక్తం పట్టించే తిండ్లు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లో దానికంటే ఒంటికి బాగా పడుతుంది. మన అవ్వలు పేదరికంలో తిన్నారని అది తక్కువ తిండి అయిపోదు. దాంతో పాటు రాగి సంగటి, చెనిక్కాయలు, బెల్లం, ఆకుకూర. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. తినగానే టీ తాగితే పట్టదు, గంట ఆగి తాగండి.

ఆ రోజుల్లో ఎలా చేయాలంటే, మేము పాటిస్తున్నది ఇది. మొదటి రెండు రోజులు నొప్పి ఉంటే 20, 30 నిమిషాల నడక, నడుముకూ తొడలకూ స్ట్రెచింగ్, బాలాసనం. ఒళ్ళు బాగుంటే నిదానంగా జాగింగ్. మూడో రోజు నుంచి మామూలు ప్రాక్టీస్‌కు దగ్గరగా రావచ్చు. టైము కొట్టాలి, రికార్డు దాటాలి అనే పరుగులు ఆ రెండు రోజులు వద్దనుకుంటే వద్దు. గ్రౌండ్‌కు బయల్దేరే ముందు ప్యాడ్ మార్చండి, వచ్చాక మళ్ళీ మార్చండి. నాలుగైదు గంటలకు మించి ఒకటే ఉంచొద్దు. రెక్కలున్న ప్యాడ్, బిగుతైన లోదుస్తు, ముదురు రంగు ట్రాక్. తొడలు ఒరుసుకునే చోట కొంచెం కొబ్బరినూనె. గుడ్డ వాడేవాళ్ళు దాన్ని మంచం కింద దాచి ఆరబెట్టొద్దు, సబ్బుతో ఉతికి ఎండలో వేయండి. చెమ్మ గుడ్డతో పరిగెత్తితే ఒరుపు, దురద, ఇన్ఫెక్షన్. నీళ్ళు, మజ్జిగ తాగండి. ఖాళీ కడుపున నొప్పి మాత్ర వేసుకొని పరిగెత్తొద్దు.

ఇవి కనపడితే మాత్రం గ్రౌండ్ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి: గంటకొక ప్యాడ్ నిండిపోవడం, ఏడెనిమిది రోజులైనా ఆగకపోవడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, కళ్ళు తిరిగి పడిపోవడం, మాత్రకు కూడా లొంగని నొప్పి. ఇంకోటి, ప్రాక్టీస్ ఎక్కువై తిండి తక్కువైతే నెలసరే ఆగిపోతుంది. "పీడా పోయింది" అని సంతోషపడొద్దు. చేసే కష్టానికి సరిపడా తిండి అందడం లేదని ఒళ్ళు చెప్పే మాట అది. అట్లాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. మూడు నెలలు రాకపోతే చూపించుకోండి.

చివరిగా, అడగాల్సినవి. 2021 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. మంచి పనే. కానీ రోజుకు నాలుగు చొప్పున ఐదు రోజులంటే 20 కావాలి. పరిగెత్తే పిల్లకు 10 రెండున్నర రోజులకే అయిపోతాయి. డిగ్రీ పిల్లలు, కోచింగ్ పిల్లలు ఆ లెక్కలోనే లేరు. కాబట్టి మేమడిగేవి నాలుగు.

1. ఎస్టీ హాస్టళ్ళలో, గురుకులాల్లో, డిగ్రీ పిల్లలతో సహా, నెలకు కనీసం 20 ప్యాడ్లు. అడుక్కుని తీసుకునేట్టు కాదు, బాత్రూం దగ్గరే పెట్టాలి.

2. ఆడపిల్లలు ప్రాక్టీస్ చేసే ప్రతి గ్రౌండ్ దగ్గర గొళ్ళెం పడే తలుపు, నీళ్ళు, చెత్తబుట్ట ఉన్న బాత్రూం. ఈవెంట్స్ జరిగే చోట కూడా.

3. ఆటల రోజు తెల్ల డ్రెస్సు వద్దు. 2023 నుంచి వింబుల్డన్ వాళ్ళే ఆడవాళ్ళకు లోపల ముదురు రంగు షార్ట్స్ ఒప్పుకున్నారు. వందేళ్ళకు పైగా తెల్లబట్టల పట్టు పట్టినోళ్ళే మారారు, మన స్కూలు మారలేదా?

4. ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష, ఫలితం పిల్ల చేతికి.

అన్నలూ, తమ్ముళ్ళూ, మీ పని ఇక్కడుంది. పొద్దున రన్నింగ్ గ్రూపులు నడిపేది ఎక్కువగా మీరే. చెల్లెలు రెండు రోజులు నిదానంగా నడుస్తా అంటే ఎందుకని గుచ్చి అడగొద్దు. మరక కనపడితే నవ్వొద్దు, తువ్వాలు ఇవ్వండి. హాస్టల్ సమస్యల మీద అర్జీ రాసేటప్పుడు అన్నం, ఫ్యాన్లు, స్కాలర్‌షిప్ అని రాస్తున్నాం కదా, వాటి కింద ఈ నాలుగూ రాయండి. ఆ లైను రాయడానికి మీకు సిగ్గయితే పెన్ను మాకివ్వండి, మేము రాస్తాం. సంతకం మాత్రం అందరం పెడదాం.

చెల్లెళ్ళూ, ఈ నెల డేట్ వచ్చినప్పుడు గుంపుకు మొత్తానికి ఎగ్గొట్టకండి. వచ్చి కాసేపు నడవండి. చేతకాకపోతే కూర్చుని మా టైము చూడండి. అంతే చాలు. ఆ 60 రోజుల్లో ఎన్ని వెనక్కి తెచ్చుకోగలమో చూద్దాం.