గండికోటకు పగటిపూటే వెళ్లండి

పంజాగుట్టలో నాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. శుక్రవారం వచ్చిందంటే అమీర్‌పేట హాస్టళ్ల నుంచి ఒకటే ఫోన్లు. ‘అన్నా, గండికోటకి టెంపో ట్రావెలర్ కావాలి. రాత్రి పదింటికి మైత్రీవనం దగ్గర ఎక్కుతాం, సన్‌రైజ్ చూసుకుని వచ్చేస్తాం.’ వ్యాపారం కాబట్టి బండి పంపిస్తాను. కానీ దాదాపు 380 కిలోమీటర్ల రాతి సీమను గుర్రుపెడుతూ దాటేయడం నాకు మింగుడుపడదు.

ఈ పిల్లలే కోర్సు చేసి, వీసా కొట్టించుకుని అమెరికా చేరితే ఎంత ఓపికో! లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ పట్టపగలు తిరుగుతారు. ఎర్రరాయి కనబడ్డ ప్రతిచోటా ఆగుతారు. ఆ ఫొటోలు నా వాట్సాప్‌కీ వస్తుంటాయి. గ్రాండ్ కాన్యన్ మైలు లోతు, గండికోట దగ్గర మన పెన్నా గండి సుమారు 300 అడుగులు. ఆ పోటీకి నేను పోను. నా బాధంతా దారి గురించే.

తెల్లవారి బయల్దేరండి, రాయి మారడం కిటికీలోంచే తెలుస్తుంది. జడ్చర్ల దాకా బంజారాహిల్స్‌లో పేల్చేయగా మిగిలినవాటిలాంటి గ్రానైటు గుండ్లు, దాదాపు 250 కోట్ల ఏళ్లవి. కృష్ణ, తుంగభద్ర దాటి కర్నూలులో నంద్యాల రోడ్డెక్కితే ఓర్వకల్లు రాతివనం. బనగానపల్లె వైపు మళ్లాక అంతా నాపరాయే. గోడలు, కొట్టాలు, చివరికి చేను చుట్టూ కంచె కూడా నిలువునా పాతిన బండలే. మీ హాస్టల్ వంటింట్లో స్టవ్ కింద ఉన్న నల్ల కడప బండ పుట్టిల్లు ఈ చుట్టుపక్కలే. ఆ సున్నపురాతినే నీళ్లు లోపల్లోపల తొలిస్తే బెలూం గుహలయ్యాయి. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవులో సగం దాకా నడవొచ్చు. లోపల ఉక్కపోత, తువ్వాలు మరవకండి.

జమ్మలమడుగు దాటి సాయంత్రానికి గండి అంచుకి చేరితే, ఏటవాలు ఎండలో ఎదుటి గోడ మీద రాతి పొరలు ఇటుకలు పేర్చినట్టు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. వెనక కోటలో ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు ఉన్నాయి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికొచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. ఆయనకు టెంపో ట్రావెలర్ లేదు కాబట్టి దారంతా చూసే ఉంటాడు.

రాత్రి బేరంలో ఇంకో చిక్కుంది. తెల్లవారుజామున, నిద్రమత్తులో, ఫోన్ లైటు పట్టుకుని ఆ బండల మీద నడుస్తారు. అంచున కంచె లేని చోట్లే ఎక్కువ. పర్యాటక శాఖ ముందు ఆ పని చూడాలి. దారి పొడవునా ఏ రాయి, ఎంత వయసు అని తెలుగులో బోర్డులు పెడితే మరీ మంచిది, పెద్ద ఖర్చేం కాదు.

మా ఆఫీసులో పగలైనా రాత్రైనా కిలోమీటరు రేటు ఒక్కటే. పగలైతే మా డ్రైవరుకి రాత్రి నిద్ర దక్కుతుంది.