బొమ్మల గీతల నుంచి ఇంటి గోడల దాకా

గోడకు తగిలించే బొమ్మ కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా అని పెద్దలు అనడం కద్దు. అందులో మనిషీ, చెట్టూ లేని ఉత్త గీతల బొమ్మ అయితే ఇక చెప్పనక్కర లేదు. కాని అటువంటి గీతల బొమ్మలే హాలండ్ దేశంలో కుర్చీ రూపును, ఇంటి రూపును మార్చివేశాయి. ఆ మార్పు తెచ్చినవారిలో ముఖ్యుడు ఒక వడ్రంగి కావడం గమనార్హం.

1917లో థియో వాన్ డూస్‌బర్గ్ అనే చిత్రకారుడు అక్కడ ‘డి స్టైల్’ అనే పత్రికను ప్రారంభించాడు. శైలి అని దాని అర్థం. పీట్ మాండ్రియన్ వంటి చిత్రకారులు అతనితో కలిశారు. నిలువు గీత, అడ్డ గీత, ఎరుపు, పసుపు, నీలం, వాటికి తోడు నలుపు, తెలుపు, బూడిద రంగులు. బొమ్మకు ఇవి చాలునన్నది వారి వాదం. మొదటి ప్రపంచ యుద్ధంలో చుట్టుపట్ల దేశాలు కొట్టుకు చస్తున్న రోజులవి. మనుషులందరికీ ఉమ్మడిగా నిలిచే రూపం కావాలని వారు తపించారు.

ఈ మాటను చేతల్లో చూపినవాడు గెరిట్ రీట్‌వెల్డ్. 1888లో ఉట్రెక్ట్ పట్టణంలో వడ్రంగి ఇంట పుట్టి, చిన్ననాడే తండ్రి దగ్గర పనికి కుదిరాడు. 1918 ప్రాంతంలో అతడు సాదా బద్దలతో, రెండు పలకలతో ఒక కుర్చీ చేశాడు. బద్దను బద్దకు ఆనించి లోపల చెక్క చీలలతో బిగించాడు. చెక్కడాలు, నగిషీలు లేవు. తరువాత వీపు పలకకు ఎరుపు, కూర్చునే పలకకు నీలం, నల్లని బద్దల కొసలకు పసుపు వేశాడు.

1924లో ట్రూస్ ష్రోడర్ అనే వితంతువు, ముగ్గురు పిల్లల తల్లి, తన ఇల్లు కట్టే పని అతనికి అప్పగించింది. పిల్లలతో ఎలా బతకాలో ఆమెకు తెలుసు, కట్టడం ఎలాగో అతనికి తెలుసు. ఇద్దరూ కలిసి ఆలోచించారు. మేడ మీద జరిపే అడ్డుగోడలు పెట్టారు. పగలు తెరిస్తే ఒకటే పెద్ద హాలు, రాత్రి మూస్తే వేరు వేరు గదులు. 2000లో యునెస్కో ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

లోపం లేదని కాదు. ఆ కుర్చీలో నడుముకు సుఖం తక్కువన్న విమర్శ ఉంది. యంత్రాలపై చవకగా తయారై సామాన్యుని ఇంటికి చేరాలన్న ఆశయంతో పుట్టిన కుర్చీ చివరకు మ్యూజియంలో కూర్చుంది. ఆ తరువాత 1930లలో రీట్‌వెల్డ్ సరుకుల పెట్టెల చెక్కతో, కొన్నవారే బిగించుకునే సామాను తయారు చేశాడు. సామాన్యుణ్ణి అతడు మరవలేదనడానికి ఇదే సాక్ష్యం.

చిత్రకారుల సిద్ధాంతం కాగితం మీదనే ఉండిపోక నిలబడిందంటే, ఒక వడ్రంగి చేతి పనితనం, ఒక ఇల్లాలి అనుభవం అందుకు తోడ్పడ్డాయి. ఏ ఊరిలో ఇల్లు లేచినా ప్లాను గీసేవారు ముందుగా అడగవలసింది ఈ ఇద్దరినే. ముగ్గు పోసేముందే అడిగితే ఖర్చు లేదు. గోడలు లేచాక అడిగితే పగలగొట్టడమే మిగులుతుంది.