ఆదిలాబాదు సీమ – గోండు బిడ్డల బడి

జనాభా లెక్కలు ఎన్నికలకే గాక పాఠశాలలకును పనికిరావలెను. 2011వ సంవత్సరపు లెక్కలలో ఆదిలాబాదు జిల్లా జనము 27 లక్షలకు పైబడెను. 2016లో దానిని నాలుగు జిల్లాలుగా విభజించిరి. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణమున గోదావరి. నడుమ కొండలును, టేకు అడవులును. పెన్‌గంగ యొడ్డున మరాఠీ, పట్టణములలో తెలుగును ఉర్దూయును, గూడెములలో గోండీ, కొలామీ వినవచ్చును. సంతలో మూడు భాషల బేరమాడు గోండును, ఒక్క భాషతో తృప్తినొందు మనము అనాగరికుడందుము!

గోండీ తెలుగునకు తోబుట్టువు. భాషావేత్తలు రెంటిని ద్రావిడ కుటుంబమున నొకే శాఖలో చేర్చిరి. 2011లో దేశమున దానిని మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. సంస్కృతమును చెప్పినవారు 25 వేలకు లోపు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో సంస్కృతమునకు చోటున్నది, గోండీకి లేదు. సంస్కృత గౌరవమును మేము తగ్గింపగోరము. గోండీ చేసిన అపరాధమేమని మాత్రమే అడుగుచున్నాము.

లిపి లేదందురా? గుంజాల గ్రామమున వ్రాతప్రతులు దొరకినవి. ఆ లిపి 2018లో యూనికోడునందు చేరినది. వాచకములు సాధ్యము గావందురా? 1940లో జోడెఘాటున కుమురం భీమును బలిగొన్న నిజాము ప్రభుత్వమే, 1943లో హైమెన్‌డార్ఫు పూనికపై మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నారంభించి, నాగరిలిపిలో గోండీ వాచకములను వ్రాయించెను. నిరంకుశ ప్రభుత్వము చేసినపాటి పని ప్రజాప్రభుత్వమునకు దుస్సాధ్యమా?

ఇంట గోండీ పలుకు బిడ్డకు బడిలో తొలిదినముననే మఱియొక భాషలో గుణింతము చెప్పిన, ఆ బిడ్డ మౌనమును మందబుద్ధి యనుట అన్యాయము. ప్రతి గోండుగూడెపు బడిలో మొదటి రెండు తరగతులకైనను గోండీ తెలిసిన ఉపాధ్యాయుని నియమింపవలెనని, తెలుగును అటుపిమ్మట దానిపక్కన నేర్పవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము.