ఎలీమెలెకు చేసిన తప్పేమిటి?

రూతు గ్రంథం మీద ప్రసంగమంటే మా వైపు అయ్యగార్లు మొదట పట్టుకునేది ఎలీమెలెకునే. దేవుడిచ్చిన బేత్లెహేమును వదిలి కరువుకు భయపడి మోయాబుకు పోయాడు, అందుకే అక్కడే పోయాడు, కొడుకులిద్దరూ పోయారు, నయోమి ఉత్త చేతులతో తిరిగొచ్చింది, విశ్వాసం చాలనివాడి గతి ఇదీ అని చెబుతారు. ఈ మాట ఏ కాకినాడలోనో వింటే ఒక తీరుగా ఉంటుందేమో. కౌతాళంలో, అదీ దీపావళి దాటిన ఆదివారం నాడు వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఎదురుగా సగం చాపలు ఖాళీ. వాటి మీద కూర్చోవలసినవాళ్లు గుంటూరు సుగ్గికి, అంటే కోతల పనికి, పోయారు. మిగిలిన ముసలివాళ్లు తల వంచుకుని వింటుంటారు, తమ కొడుకులనూ కోడళ్లనూ తిడుతున్నట్టు.

గ్రంథం మళ్లీ తీసి చూడండి. నాలుగే అధ్యాయాలు, అరగంట పని. ఎలీమెలెకు పాపం చేశాడన్న మాట అందులో ఎక్కడా లేదు. కరువొచ్చింది, పోయాడు, చనిపోయాడు. దేవుడు నా బతుకును చేదు చేశాడని నయోమి ఏడ్చిన మాట నిజమే. మొగుణ్నీ ఇద్దరు కొడుకులనూ మట్టిలో పెట్టి వచ్చిన మనిషి ఏడుపు అది. దాన్ని తీర్పుగా ఎలా చదువుతాం? కరువుకు ఊరు వదలడమే నేరమయితే అబ్రాహాము ఐగుప్తుకు ఎందుకు పోయినట్టు? ఇస్సాకు గెరారుకు? యాకోబయితే ముసలితనంలో ఇంటిల్లిపాదినీ బండ్లెక్కించుకుని ధాన్యమున్న చోటికి తరలిపోయాడు. వాళ్లందరికీ పితరులని పేరు పెట్టి, ఈ ఒక్కడినే బోనెక్కించాం.

మా సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తుంగభద్ర మా పక్క నుంచే పోతుంది, అవతలి గట్టు కర్ణాటక. తుంగభద్ర దిగువ కాలువ, ఎల్లెల్సీ, కూడా ఉంది. అయినా కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు పల్లెల్లో ఎక్కువ నేల ఆకాశం వైపు చూసేదే. పత్తి ఏరడం ముగిసిందంటే చేతికి పని లేదు. సరిగ్గా అప్పుడే గుంటూరు, పల్నాడు చేలల్లో మిరప కోతలకు మనుషులు కావాలి. కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ముందే ఇచ్చి పోయుంటాడు. బియ్యం మూట, గిన్నెలు, దుప్పట్లు, చంకన బిడ్డ, అన్నీ లారీలోకి ఎక్కుతాయి. ఇంటికి తాళం, అరుగు మీద అవ్వ.

బైబిలు లెక్క అడిగింది వలస పోయినవాణ్ని కాదని నా నమ్మకం. వచ్చినవాళ్లను చేలోకి రానిచ్చినవాణ్ని అడిగింది. రెండో అధ్యాయమంతా ఆ లెక్కే. రూతు పరదేశి, విధవ, పైగా మోయాబు పిల్ల. ఏ చేను ఎవరిదో తెలియకుండా పరిగె ఏరుకోవడానికి పోయింది. ఆ చేలో కోత కోసేవాళ్ల మీద ఒక పెత్తనందారు ఉన్నాడు, మన మేస్త్రీ లాంటివాడే. ఆసామి బోయజు వచ్చాడు. ఆ పిల్ల ఎవరని అడిగి తెలుసుకున్నాక ఏం చేశాడో చూడండి. మొగపిల్లలు ఆమె జోలికి పోకూడదని గట్టిగా చెప్పాడు. దప్పికయితే కుండల దగ్గరికి పోయి పనివాళ్లు చేదిన నీళ్లే తాగమన్నాడు. అన్నం వేళ పక్కన కూర్చోబెట్టుకుని పేలాలు పెట్టాడు. తిని మిగిల్చుకునేంత పెట్టాడు. ఆ తర్వాత కోతవాళ్లను పిలిచి, పనల్లోంచి కావాలనే కొన్ని పిడికిళ్లు లాగి వదలమన్నాడు, ఆమెను గద్దించవద్దన్నాడు. దానం చేసినట్టు కనపడకుండా దానం చేయడం తెలిసిన మనిషి.

ఈ అధ్యాయంలో నన్ను ఆపేది ఆ నీళ్లకుండ. మా సంఘంలో ఏటా సుగ్గికి పోయే అక్క ఒకామెను, అక్కడ అన్నిటికంటే కష్టమేదని అడిగాను. కూలి గురించి చెబుతుందనుకున్నాను. "నీళ్లన్నా" అంది. రోజంతా మిరపకాయలు తెంపిన చేతులు మండుతుంటాయి. ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేత్తో బిడ్డ మొహం తుడవలేరు, తన కంట్లో నలుసు పడ్డా తీసుకోలేరు. బోరు మోటారు వేసిన వేళకే నీళ్లు. ఆసామి చెడ్డవాడేం కాదని కూడా ఆమే చెప్పింది. ఆయన ఉండేది ఊళ్లో, వీళ్లు గుడిసెలేసుకున్నది చేలో, మధ్యలో మేస్త్రీ. బోయజు పొలానికి వచ్చినట్టు వస్తే ఆయనకూ తెలిసేది.

బోయజు మంచితనమొక్కటే కాదు, వెనక ధర్మశాస్త్రముంది. చేని అంచులు పూర్తిగా కోయవద్దు, మరిచిపోయిన పన కోసం వెనక్కి పోవద్దు, అది పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ అని లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం చెబుతాయి. ద్వితీయోపదేశకాండం 24లోనే ఇంకో మాట ఉంది: కూలివాడి కూలి పొద్దు కుంకకముందే ఇచ్చేయాలి, వాడి ప్రాణం దాని మీదే ఉంది. మనకూ చట్టాలున్నాయి. 1979లో చేసి 2025 దాకా నడిచిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పేరులోనే ఉండేది దాని హద్దు. కౌతాళం నుంచి పల్నాడుకు రాష్ట్రం దాటనక్కర్లేదు కదా!

చదివిన వాక్యం కూలి లెక్క దగ్గరికొచ్చేసరికి గుర్తుండకపోవడం కొత్తేమీ కాదు. 1877 నాటి ధాత కరువు కాలానికి మా ఆదోని ప్రాంతం మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1877 జనవరిలో కలకత్తా ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగవాడికి రోజుకు పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌండంటే అరకిలో కూడా కాదు. ఆ కూలితో మనిషి పని చేసి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు, కొన్నాళ్లకు పెంచారు. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు ఒక్కరోజు పరిగె ఏరి దుళ్లగొట్టుకున్న యవలు మన కొలతలో ఇరవై లీటర్ల పైమాటే. రాణిగారి ప్రభుత్వం రోజంతా రాళ్లు కొట్టించుకుని ఇచ్చింది పౌండు ధాన్యం, ఒక అణా. లేవీయకాండం చదువుకున్న దొరలే వాళ్లు.

అదే కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తెలుగు బోధకులనే పని మీద పెట్టాడు. వాక్యం చెప్పే మనిషే కూలి లెక్కా చూశాడు. జనం బాప్తిస్మం అడిగితే కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వనన్నాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది పొందారు. 'బియ్యం క్రైస్తవులు' అని ఎగతాళి చేసేవాళ్లు ఆ ఆగిన నెలల సంగతి ఎత్తరు. మనవాళ్లు ఆ అంకెను పండగల్లో గొప్పగా చెప్పుకుంటారు గానీ కాలువ తవ్వకం సంగతి చెప్పరు. నాకయితే కాలువే పెద్ద ప్రసంగం.

ఇప్పుడు గుంటూరు సీమ వైపు చూడండి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అక్కడ అడుగుపెట్టిన నాటి నుంచీ సంఘాలే సంఘాలు. మిరప చేలున్న ఊళ్లలో గుడి గంట వినపడని ఊరు తక్కువ. ఊరి చివర గుడిసెల్లో తమలాగే ప్రార్థన చేసుకునే కుటుంబాలు మూడు నాలుగు నెలలు ఉంటున్నాయని ఆ సంఘాలకు తెలుసా? తెలియకపోతే తప్పు సగం మాది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కుర్రాడికి సభ్యత్వ పత్రం రాసి, ముద్ర వేసి, ప్రార్థన చేసి పంపుతాం. సుగ్గికి పోయేవాళ్లకు ఎవరూ రాసివ్వరు. ఏ ఊరికి పోతున్నారో కూడా అడగం. క్రిస్మస్ నాడు వాళ్ల పిల్లలు కొత్త బట్టల్లేకుండా చేలో ఉంటే ఇక్కడ మనం ఎలీమెలెకును తిడుతుంటాం.

ఈసారి అలాంటి పత్రం రాసిస్తే ఎలా ఉంటుందని ఆ అక్కనే అడిగాను. నవ్వింది. "కాయితం యాడ పెట్టుకుందునన్నా, వానకు తడుస్తాది. పండగ ముందర దినం పొద్దుగూకేలోపల కూలి సేతిలో పెట్టమని అక్కడి అయ్యగారితో రైతులకు సెప్పిచ్చు. పిల్లోళ్లకు గుడ్డలు మేమే కొనుక్కుంటాం."

ఆమె పోయే ఊరి పేరు రాసుకున్నాను. పల్నాడు మిరప ఊళ్లలో ఈ శీర్షిక చదివే అయ్యగార్లు, సంఘ పెద్దలు ఉంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. మీ ఊరికి మా వైపు నుంచి ఎవరెవరు వస్తున్నారో అడిగి తెలుసుకుని, డిసెంబరు మొదటి వారంలోపు రాసి పంపుతాను.